కంపెనీ వదిలేసిన ఆజోబా

అవధూత్ మిరాశీ ఏదో కాగితం పట్టుకొచ్చి గుమ్మంలో ఆగిపోయాడని శేవంతా లోహార్‌కి చప్పుడుని బట్టే తెలిసిపోయింది. మంచి కబురు తెచ్చేవాడు గుమ్మంలో ఆగడు. తిన్నగా లోపలికొచ్చి టీ ఉందా అని అడుగుతాడు.

"చదవండి అవధూత్‌రావ్. అలా నలిపితే అందులో సంగతి మారిపోతుందా?" అంది ఆమె.

అవధూత్ మిరజ్‌లోని అంధబాలికల వసతిగృహానికి మేనేజరు. ముప్పై రెండేళ్లవాడు, మంచివాడు, భయస్తుడు. గొంతు తగ్గించి చదివాడు. తయారుచేసిన కంపెనీ మద్దతు ఆపేసిన కంప్యూటర్లు ఇకమీదట ట్రస్టు నడిపే ఏ బడిలోనూ, ఏ ఆఫీసులోనూ ఉండటానికి వీల్లేదు. అన్నిటినీ మేనేజరే మిరజ్ వసతిగృహంలో ఒకచోట చేర్చి పాతసామాన్లవాడికి అప్పగించాలి. బ్రెయిలీ అచ్చుగదిలో ఉన్నదాన్ని శనివారంలోగా తీసెయ్యాలి.

"శనివారమంటే ఎల్లుండేగా! పెళ్లికూతుర్ని పంపడానికైనా ఇంతకంటే ఎక్కువ గడువిస్తారు," అంది సకీనా. ఆ గదిలో అచ్చువేసేది శేవంతా, కాగితం కొయ్యడం, పుస్తకాలు కుట్టడం సకీనా పని. మాటలు కూడా కొయ్యడమే ఎక్కువ.

వసతిగృహం వెనక, సితార్లు చేసేవాళ్ల సందులోకి తలుపు తెరుచుకునే గది అది. గదిలో ఉన్నవి రెండు యంత్రాలు. ఒకటి దళసరి కాగితం మీద చుక్కలు పొడిచే అచ్చుయంత్రం. అది మొదలుపెట్టిందంటే పక్కింటి సితార్ మేస్త్రీ తీగలు శ్రుతి చెయ్యడం మానేసి బీడీ వెలిగించుకుంటాడు. రెండోది దాన్ని నడిపే కంప్యూటర్. దానికి ఆజోబా, అంటే తాతయ్య అని, వసతిగృహం పిల్లలు పేరుపెట్టారు. స్విచ్ వెయ్యగానే గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, ఆ తర్వాత తెర మీదున్నదాన్ని తీరిగ్గా పైకి చదవడం మొదలుపెడుతుంది కాబట్టి. లోపల ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. కంపెనీవాళ్లు దాన్ని పట్టించుకోవడం మానేసి ఏళ్లయింది. కొత్త జబ్బొస్తే మందు పంపరు, గోడు చెప్పుకుందామంటే వినే నాథుడు లేడు. ఆ సంగతి ఆజోబాకి ఎవరూ చెప్పలేదు. రోజూ పొద్దున్నే లేచి పనిలోకి దిగుతున్నాడు.

"కొత్త కంప్యూటర్ ఉందిగా తాయీ, వచ్చి రెండు నెలలైంది, మళ్లీ అట్టపెట్టెలో పెట్టేశారు," అన్నాడు అవధూత్. తాయీ అంటే అక్కయ్య, శేవంతాని అందరూ అలాగే పిలుస్తారు.

"ఉంది. దానికీ అచ్చుయంత్రానికీ మాటల్లేవు. ఇంత వెడల్పు తీగ పెట్టే చోటే లేదు దానికి. మీరే ఏదో అతుకు తీగ తెచ్చి కలిపారు కదా, ఏం అచ్చయింది?"

అర్థంలేని చుక్కలే అచ్చయ్యాయి. ఆ రోజు అచ్చయినదాన్ని సకీనా ఇంటికి తీసుకెళ్లి గోధుమపిండి జల్లెడ కింద పరుచుకుంది.

అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవారు. కొత్త ప్రోగ్రాం అమ్మినవాళ్లు నమూనాగా పది పేజీలు తామే అచ్చువేసి పంపారు. కళ్లతో చదివే మరాఠీలో పొల్లు అక్షరం కింద పడుతుంది. బ్రెయిలీలో కిందా మీదా ఉండదు, అంతా ఒకటే వరస. అందుకని పొల్లు చుక్క అక్షరానికి ముందే వస్తుంది. వేలికి ముందుగా ఆ చుక్క తగిలితే, వెనక వచ్చేది సగం అక్షరమని అర్థం. ఆ ప్రోగ్రాం రాసిన మహానుభావుడు పొల్లుని తీసుకెళ్లి అక్షరం వెనక పెట్టాడు. దాంతో ఆ చుక్క తర్వాతి అక్షరాన్ని సగం చేసేసి, సూర్య కాస్తా సూరయ్ అయ్యాడు. చంద్రుడు చందర్ అయ్యాడు. పుష్పం సంగతి మరీ ఘోరం, అది పుషప్ అయింది. వసతిగృహంలో వారం రోజులపాటు సూరయ్ ఉదయించాడు, పుషప్‌లు వికసించాయి, పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. శేవంతా కూడా నవ్వింది. తర్వాత పరీక్షలో ఆ పిల్లలు ఇదే రాస్తే ఎవరు నవ్వుతారో తలుచుకుని ఊరుకుంది. ఫిర్యాదు చేస్తే, వచ్చే ఏడాది సరిచేస్తామని జవాబొచ్చింది.

"వచ్చే ఏడాదికి మన పదో తరగతి పిల్లలు పదిలో ఉంటారా అవధూత్‌రావ్? సైన్సు పుస్తకం మారింది. ఏడుగురున్నారు. బడి జూన్ నడిమికి తెరుస్తారు. పుణెలో పెద్ద అచ్చుగదికి అప్పగిస్తే మన వంతు వచ్చేసరికి దీపావళి దాటుతుంది."

"అర్థమవుతోంది తాయీ. కానీ..."

"మీకు అర్థం కాదు," అంది శేవంతా. గొంతులో వేడి దాచుకోలేదు. "నేను పదో తరగతి పరీక్ష మార్చిలో రాశాను. నా సైన్సు పుస్తకం ఏప్రిల్‌లో వచ్చింది. కట్ట కూడా విప్పకుండా వెనక్కి పంపేశారు. తప్పిన పిల్లకి చదువెందుకని మా నాన్న మళ్లీ బడికి పంపలేదు. నాకు యాభై రెండేళ్లు, ఆ కట్ట మీద పురికొస ముడి ఇప్పటికీ నా వేళ్లకి గుర్తుంది. ఈ ఏడుగురికీ ఆ ముడి తగలకూడదు. ఆజోబా ఎక్కడికీ పోడు."

అవధూత్ బల్ల అంచున కూలబడ్డాడు. అతని భయం ఉత్తి భయం కాదు. కిందటేడు ఎవరో పెట్టిన పెన్‌డ్రైవ్‌తో ఆఫీసు కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. పిల్లల వైకల్య ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్ కాగితాలు అన్నీ తాళం పడి పోయాయి. ఒక్కొక్క పిల్ల కోసం ఒక్కొక్క ఆస్పత్రి గుమ్మంలో నిలబడి మళ్లీ సంపాదించుకొచ్చినవాడు అతనే. సాంగ్లీ ఆస్పత్రిలో ఒక గుమాస్తా అతన్ని నోటికొచ్చినట్టు తిడితే పడి ఊరుకున్నాడు.

"ఇంటర్నెట్ తీసేసినా పెన్‌డ్రైవ్ పెడతారుగా తాయీ. పుణె నుంచి పుస్తకం పాఠం వచ్చేది దాంట్లోనే. అదొక్కటి చాలు."

"పెన్‌డ్రైవ్ వద్దు."

"మరి పుస్తకం లోపలికెలా వెళ్తుంది?"

శేవంతా రెండు చేతులూ ఎత్తి వేళ్లు ఆడించింది. "వీటిలోంచి. చుక్కలు ఆరు, మీటలు ఆరు. సకీనా చదువుతుంది, నేను కొడతాను. అక్షరం అక్షరం."

"మొత్తం పుస్తకమా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. సకీనా గొంతులో హడలు ఎక్కువ వినిపించింది.

"మొత్తం పుస్తకమే."

అవధూత్ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత లేచి సందులోకి వెళ్లి, సితార్ మేస్త్రీ దగ్గర పిడికెడు లక్క అడిగి తెచ్చాడు. స్పిరిట్ దీపం మీద కరిగించి, ఆజోబా ఒంటికున్న పెన్‌డ్రైవ్ రంధ్రాలన్నిటినీ ఒక్కటొక్కటిగా పూడ్చాడు. ఇంటర్నెట్ తీగ పెట్టే చోటా పూడ్చాడు. గుండ్రటి పిన్ను ఉన్న పాత కీబోర్డుకీ, అచ్చుయంత్రం వెడల్పు తీగకీ మాత్రమే దారి వదిలాడు.

"పుస్తకం పూర్తయ్యేదాకా నా పూచీ. ట్రస్టుకి నేను చెప్పుకుంటాను," అన్నాడు. "కానీ ఈ లక్క ఒక్కచోట పగిలినా నేనే భుజాన వేసుకుని బయట పడేస్తాను. తర్వాత నన్ను తిట్టకూడదు."

"తిడతాను. అయినా మీరు పడెయ్యండి," అంది శేవంతా.

మర్నాటి నుంచి పని మొదలైంది. సకీనా కిటికీ పక్కన స్టూలు వేసుకుని పుస్తకం చదివేది. శేవంతా ఆరు మీటల మీద వేళ్లు పెట్టి, ఒక్కో అక్షరానికి కావలసిన చుక్కలన్నీ ఒక్క దెబ్బకి నొక్కేది. పేజీ నిండగానే ఏడు కాపీలు అచ్చువేసేవారు. లోపల దాచుకుని కూర్చుంటే ఆజోబా ఏ క్షణాన మరిచిపోతాడో తెలియదు, పైగా మరో కాపీ తీసుకునే దారులన్నీ లక్కతో మూసేశారు. కాగితం మీద పడ్డ చుక్కని ఏ వైరసూ తినలేదు కాబట్టి ఆ పద్ధతే మేలనిపించింది.

సకీనా ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. మరాఠీ చక్కగా చదువుతుంది కానీ అలిసిపోతే 'ళ' పలకదు, అన్నీ 'ల' అయిపోతాయి.

"దూరాన్ని వేలతో భాగించవలెను," అని చదివింది ఒక మధ్యాహ్నం.

శేవంతా వేళ్లు ఆగాయి. "వేళతోనా, వేలతోనా? మన మరాఠీలో వేళ అంటే కాలం, వేల అంటే తీగ. దూరాన్ని పొట్లతీగతో భాగించమంటావా?"

"నీకు తెలుసుగా నేనేమన్నానో!"

"నాకు తెలుసే. నా వేళ్లకి తెలియదు, అవి నువ్వన్నదే కొట్టేస్తాయి. నాలిక మడిచి చెప్పు."

"మడుస్తాను, మడుస్తాను. పొద్దున్నించీ మడిచి మడిచి నాలిక చపాతీ అయింది. ఏకంగా నెయ్యి రాసి తినేస్తాను."

ఆ పుస్తకం రాసినవాళ్లకి గుడ్డిపిల్లలు కూడా చదువుతారన్న ఊహే ఉన్నట్టు లేదు. నాలుగు వాక్యాలకొకసారి 'పక్క బొమ్మను చూడండి' అనేవారు. మొదట్లో సకీనా అక్కడ మొహమాటపడి ఆగేది. "చూశాం, బాగుంది, ముందుకి పద," అనేది శేవంతా. తర్వాత మాత్రం ఊరుకునేది కాదు. ఆ బొమ్మలో ఏముందో సకీనా చేత చెప్పించి, తిప్పి తిప్పి అడిగి, నాలుగు మాటల్లోకి తెచ్చి కొట్టేది. కొన్ని బొమ్మలకి పాఠం కంటే ఎక్కువసేపు పట్టేది.

కటకాల పాఠంలో మనిషి కన్ను వచ్చింది. సకీనా చదవలేక గొంతు తగ్గించింది.

"గట్టిగా చదువు. నా కంటికి కంపెనీ సపోర్టు ఐదో ఏటే ఆపేసింది, తట్టు పోసినప్పుడు. ఆ తర్వాత ఇన్నేళ్లు బండి నడవలేదా?"

సకీనా పకపకా నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుని గట్టిగా చదివింది.

పని సుఖంగా ఏమీ సాగలేదు. ఆజోబా గొంతు మాట మధ్యలో ఆగిపోయేది. అంటే బిగుసుకుపోయాడన్నమాట, మళ్లీ స్విచ్ తీసి వెయ్యాలి, ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. శేవంతాకి మణికట్లు వాచాయి, రాత్రిళ్లు వేడినీళ్లలో పెట్టుకునేది. ఒకరోజు విద్యుత్తు పాఠం సగంలో మూడోసారి బిగుసుకుపోయినప్పుడు సకీనా పుస్తకం మూసేసింది.

"శేవంతే, నా మాట విను. ఈ పాఠం మొత్తం అవధూత్ సర్ దగ్గరే పెన్‌డ్రైవ్‌లో ఉంది. లక్క గీకడానికి నా కత్తెర చాలు. అరగంటలో పుస్తకం లోపలికి వెళ్లిపోతుంది. మేస్త్రీ దగ్గర మళ్లీ లక్క తెచ్చి పూసేస్తాను. ఎవడికి తెలుస్తుంది?"

శేవంతా మణికట్లు ఒత్తుకుంది. ఆశ పుట్టలేదని కాదు. వేళ్లు ఎంత నొప్పిగా ఉన్నాయంటే టీ గ్లాసు పట్టుకోలేకపోతోంది.

"అందులో ఏ చీడ ఉందో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఆజోబాకి ఏదన్నా పట్టుకుంటే మందిచ్చేవాడు లోకంలో లేడు. అప్పుడీ పుస్తకమూ పోతుంది, ఇకమీద పుస్తకాలూ పోతాయి. ఇన్నాళ్లూ ఆ అవధూత్‌ని పిరికివాడన్నాను. వాడు చెప్పింది నిజమేనే. కత్తెర కింద పెట్టి చదువు."

సకీనా గొణుక్కుంటూ పుస్తకం తెరిచింది.

జూన్ మొదటి వానలు పడ్డాయి. తేమకి కాగితం మెత్తబడి చుక్కలు అణిగిపోతాయని, సకీనా ఇంట్లోంచి బొగ్గుల కుంపటి తెచ్చి కట్టల పక్కన పెట్టింది. ఇక మిగిలింది ఒక్క పాఠం. బడి తెరవడానికి నాలుగు రోజులుంది. ఆ పొద్దున స్విచ్ వేస్తే ఆజోబా గరగరలాడలేదు. టప్‌మని చిన్న చప్పుడయింది. కాలిన బెల్లంలాంటి వాసన వచ్చింది.

శేవంతా స్విచ్ తీసి వేసింది. మళ్లీ తీసి వేసింది. పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది. లోపల ఎప్పుడూ ఉండే ఆ సన్నటి వణుకు లేదు. ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. ఏడుస్తూనే సకీనాని పంపి అవధూత్‌ని పిలిపించింది.

అవధూత్ పెట్టె విప్పి చూశాడు. "కరెంటిచ్చే డబ్బా కాలిపోయింది తాయీ. మిగతాదంతా బాగానే ఉన్నట్టుంది. కానీ ఈ రకం డబ్బా ఇప్పుడెక్కడా అమ్మరు. చెప్పానుగా, పాతది ఎప్పుడో ఒకప్పుడు..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెప్పానుగా అనాల్సిన సమయం కాదని అతనికే తోచింది.

శేవంతా మొహం తుడుచుకుంది. "కొత్తది ఎవరడిగారు? మీరు నెలరోజులుగా ఊరూరా తిరిగి పాత కంప్యూటర్లు పోగుచేశారే, అవేవీ?"

"సామాన్ల గదిలో ఉన్నాయి. రేపు పాతసామాన్లవాడు బండి తెస్తాడు."

"జత్, తాస్‌గావ్, ఇస్లాంపూర్, అన్ని బళ్లవీ ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి."

"ఆజోబాతో పాటే, ఒకే ఏడాది, ఒకే లారీలో దిగాయవి. అప్పుడు దింపించుకున్నది నేనే. ఒకే తల్లి పిల్లలు. వాటిల్లో ఒక్కదానిదైనా గుండె బాగుండదా?"

ఆజోబాని బయట పడెయ్యమన్న ఆజ్ఞే, జిల్లాలో ఉన్న ఆజోబా అన్నదమ్ములందర్నీ తెచ్చి ఈ ఇంట్లోనే పడేసింది. అవధూత్‌కి నవ్వాగలేదు. నవ్వుతూనే తాళంచెవి కోసం జేబులు వెతుక్కున్నాడు.

మధ్యాహ్నం వరకూ ముగ్గురూ సామాన్ల గదిలోనే ఉన్నారు. మొదట విప్పినదాన్లో ఎలుకలు కాపురం పెట్టాయి. రెండోదాని డబ్బా కూడా కాలిపోయే ఉంది. తాస్‌గావ్ నుంచి వచ్చినదాని డబ్బా తీసి బిగించి, అవధూత్ దణ్ణం పెట్టుకుని స్విచ్ వేశాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆజోబా గరగరమని గొంతు సవరించుకున్నాడు.

"అల్లా!" అంది సకీనా. అవధూత్ లేచి, పెన్‌డ్రైవ్ రంధ్రాల మీద లక్క పగల్లేదు కదా అని ఒకసారి తడిమి చూసి మరీ సంతోషించాడు. అతని తత్వం అది.

చివరి పాఠానికి మూడు రోజులు పట్టింది. పాతసామాన్లవాడు బండితో వచ్చాడు, వట్టి బండితో వెళ్లాడు. ట్రస్టుకి అవధూత్ రాసిన కాగితంలో కంప్యూటర్ అన్న మాటే లేదు. బ్రెయిలీ అచ్చుయంత్రానికి విడిభాగాలు దొరకనందున సామాన్ల గదిలోనివి ఆ నిమిత్తం ఉంచుకున్నామనీ, దేనికీ ఇంటర్నెట్ సంబంధం లేదనీ, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చుననీ రాశాడు. ఏమంటారోనని ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. పట్టకపోయినా కాగితం మాత్రం పంపించేశాడు. తర్వాత ట్రస్టు కార్యదర్శి వచ్చి లక్క గోకి చూసి, సరేనని వెళ్లిపోయాడు.

బడి తెరిచే ముందురోజు సాయంత్రం పుస్తకాలు వసతిగృహానికి చేరాయి. కళ్లున్నవాళ్లకి సంచీలో పట్టే సైన్సు పుస్తకం, చుక్కల్లోకి వచ్చేసరికి ఒక్కో పిల్లకీ ఇంతెత్తు కట్టలయింది. సకీనా వాటిని తోపుడుబండి మీద తాడేసి కట్టి తీసుకెళ్లింది. శేవంతా వెళ్లలేదు. ఇంటికెళ్లి చేతులకి నూనె రాసుకుని పడుకుంది.

మర్నాడు బడి వదిలాక ప్రాజక్తా అచ్చుగదికి వచ్చింది. పదో తరగతి ఏడుగురిలో అందరికంటే గట్టిగా అరిచే పిల్ల. కర్రతో గుమ్మం కొట్టి, చెప్పులు ఎటో విసిరేసి, లోపలికొచ్చి ధబీమని కూర్చుంది.

"ఏంటి తాయీ ఇది? అంతా నీ వల్లే!" అంది.

శేవంతా పొల్లు ఎక్కడో తప్పిందనుకుంది. లేకపోతే అణిగిన చుక్కలేమో. "ఏ పేజీ?"

"పేజీ కాదు! సైన్సు చెప్పే బాయి మొదటిరోజే పాఠం చదవమంది. ప్రతి ఏడూ ఏం చెప్తాం మేము? 'మా పుస్తకాలు రాలేదు బాయీ' అంటాం. పాపం అని కూర్చోమంటుంది, దీపావళి దాకా మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ అలవాటుగా అందరం లేచి అదే అనబోయాం. పుస్తకాలు ఒళ్లోనే ఉన్నాయి! క్లాసంతా నవ్వింది. నన్ను లేపి ప్రశ్న అడిగింది. తప్పు చెప్పాను. కళ్లున్నవాళ్లని నిలబెట్టినట్టే నన్నూ నిలబెట్టింది, పీరియడ్ అంతా. కాళ్లు పీకుతున్నాయి."

'మా పుస్తకం రాలేదు బాయీ.' పదో తరగతిలో ఆ ఏడాదంతా ఆ మాట శేవంతా కూడా చెప్పింది. చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు తల నిమిరి కూర్చోమన్నారు. ఎంత మంచి పిల్లవే అన్నారు. ఆ ఏడాది మొత్తంలో ఒక్కరంటే ఒక్కరు కూడా తనని లేపి ఒక్క ప్రశ్న అడగలేదు. తప్పు చెప్పడానికి కూడా ఆమెకి అవకాశం రాలేదు.

"నవ్వుతున్నావా తాయీ? లేక ఏడుస్తున్నావా?" అంది ప్రాజక్తా అనుమానంగా.

"రెండూనే. ఏం ప్రశ్న అడిగింది?"

"చంద్రుడి మీద బరువు తగ్గితే ద్రవ్యరాశి కూడా తగ్గుతుందా అని. తగ్గుతుందన్నాను."

"తగ్గదు. మొదటి కట్ట, మొదటి పాఠంలోనే ఉంది. రేపు మళ్లీ అడుగుతుంది, నిన్నే అడుగుతుంది. పుస్తకం తెచ్చావా?"

"తెచ్చాను. చేతులు పడిపోయాయి మోసుకొచ్చేసరికి."

"తియ్యి. కూర్చుని చదువు. గట్టిగా చదువు, నేను వింటాను."

ప్రాజక్తా మూలుగుతూ సంచీలోంచి మొదటి కట్ట తీసింది.